ఇంటికి వచ్చిన వెండితెర
(కుటుంబ చిత్రముల వీడియో ప్రతులను పరీక్షించు పద్ధతి)

ఒక కావ్యము మనకు లభించినది అనగా ఆ కావ్యపు ప్రతి ఒకటి మనకు లభించినదని అర్థము. నన్నయ పలికినప్పటి తాటియాకును మనలో ఎవ్వరును చూడలేదు. ఒకరు వ్రాసికొన్న దానిని మరియొకరు ఎత్తివ్రాసిరి. ఆ ప్రతులను పండితులు సరిపోల్చి అచ్చువేయించిరి. ఆ అచ్చుపుస్తకమే నేడు మన చేతిలో నున్నది. నడుమ ఒక లేఖకుడు నాలుగు పంక్తులు విడిచినచో దానిని గ్రంథపాత మందుము. వేరొకడు తన పద్యమును చేర్చినచో ప్రక్షిప్త మందుము. తెలియక అక్షరము మార్చినచో లేఖక ప్రమాద మందుము. కావ్యమును మెచ్చుకొనుట వేరు, కావ్యప్రతిని పరీక్షించుట వేరు. సాహిత్య విద్యార్థికి ఇది తొలిపాఠము.

ఈ పాఠము చలనచిత్రమునకు కూడ వర్తించును. సినిమాశాలలో చూచిన చిత్రము ఇంటికి వచ్చునప్పుడు అదియు ఒక ప్రతిగానే వచ్చును. వీడియో క్యాసెట్టు గాని, వి.సి.డి. గాని, డి.వి.డి. గాని, నేడు అంతర్జాలము ద్వారా చేతిఫోనులో కనిపించు రూపము గాని, ఇవన్నియు ప్రతులే. వాటిని సిద్ధము చేసినవాడు పరిష్కర్త. అతడు మంచి పరిష్కర్తయో కాడో తెలిసికొను మార్గమును విద్యార్థుల ముందు, కళాశాల కార్యవర్గము ముందు ఉంచుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము.

ఇచ్చట కుటుంబ చిత్రమనగా బాలలు, తలిదండ్రులు, వృద్ధులు ఒక్కచోట కూర్చుండి సంకోచము లేక చూడదగిన చిత్రము. అందును బొమ్మలు గీసి కదలించిన చిత్రములను గాక, సజీవులైన నటీనటులు నటించిన వానినే తీసికొందము. గీసిన బొమ్మ చెడిపోయినచో మరల గీయవచ్చును. ఎస్.వి. రంగారావు కనుబొమ్మ ఎగురవేసిన క్షణము మాత్రము మరల రాదు. నటుని ముఖమే అచ్చట మూలపాఠము. దానిని పోగొట్టుకొన్నచో దిద్దువారు లేరు.

ఇంటికి వచ్చిన త్రోవ

కోనసీమ గోదావరి పాయలకు, బంగాళాఖాతమునకు నడుమ నున్న సీమ. అమలాపురము, రాజోలు, కొత్తపేట వంటి చోట్ల సినిమాశాలలు వెలసినను, లంక గ్రామముల వారికి చాలకాలము టూరింగు టాకీసులే గతి. అచ్చటికి చేరునప్పటికి ఫిల్ము పెక్కు ఊళ్ళు తిరిగి గీతలు పడి, తెగి అతుకులు వేయబడి యుండెడిది. అనగా పాడైన ప్రతిని చూచుట మన పల్లెలకు క్రొత్త కాదు.

వి.హెచ్.ఎస్. క్యాసెట్టు 1976లో జపానులో వెలువడినది. మన దేశమునకు ఢిల్లీ ఆసియా క్రీడలు జరిగిన 1982వ సంవత్సరమున రంగుల టెలివిజను వచ్చినది. ఆ దశకములోనే వీడియో దుకాణములు పట్టణములలో బయలుదేరినవి. టి.వి.ని, వీడియో యంత్రమును ఒక రాత్రికి అద్దెకు తెచ్చి, అరుగు మీద నిలిపి, వీధివారందరు తెల్లవారులు మూడు చిత్రములు చూచుట ఆనాటి ముచ్చట. అయితే టేపునకు తేమ శత్రువు. సముద్రపు గాలి తగులు సీమలో దానికి బూజు పట్టుట సులభము. 1996 నవంబరు 6వ తేదీ నాటి తుఫానులో ఇండ్ల కప్పులే నిలువలేదు. టేపుల మాట చెప్పనక్కరలేదు.

తరువాత వి.సి.డి.లు, డి.వి.డి.లు వచ్చినవి. 2007 ప్రాంతమున మోజర్ బేర్ సంస్థ వి.సి.డి.ని 28 రూపాయలకు, డి.వి.డి.ని 34 రూపాయలకు అమ్మి వీడియో వర్తకమునే మార్చివేసినది. రాజమండ్రి నుండి వెలువడిన చౌకప్రతులు పురాణములను పల్లెలకు చేర్చినట్లే, ఈ చౌకబిళ్ళలు పాత చిత్రములను పేదయింటికి చేర్చినవి. ఈ మేలును మరువరాదు. పరీక్ష చేయువాడు ధరను కూడ లెక్కలోనికి తీసికొనవలెను. ఇరువది ఎనిమిది రూపాయల ప్రతిలో లేని గుణమును వెదకి నిందించుట న్యాయము కాదు. కాని లేని గుణము ఉన్నదని అట్టపెట్టె మీద అచ్చువేసినచో, అది ఏ ధరకైనను దోషమే.

మాయాబజార్ ఏల?

ఉదాహరణకు విజయావారి "మాయాబజార్" చిత్రమును గ్రహించితిని. ఇది 1957 మార్చి 27వ తేదీన విడుదలైనది. దర్శకుడు కె.వి. రెడ్డి, రచయిత పింగళి నాగేంద్రరావు, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే. నిడివి 184 నిమిషములు. తెలుపు నలుపులలో తీసిన చిత్రము. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి, ఎస్.వి. రంగారావులతో పాటు తూర్పు గోదావరి జిల్లా రావులపాడులో జన్మించిన రేలంగి వెంకట్రామయ్య ఇందులో లక్ష్మణకుమారుడు. పాండవులు తెరపై కనబడకయే నడచు పాండవకథ ఇది. మతము, వయస్సు, చదువు అను భేదము లేక తెలుగు ఇండ్లలో చూడబడిన చిత్రములలో దీనికి మొదటి వరుసలో స్థానము కలదు.

మరియొక కారణము. ఈ చిత్రమునందు ప్రియదర్శిని అను పేటిక యొకటి కలదు. మూత తెరచినవారికి తమకు అత్యంత ప్రియమైనది అందులో కనబడును. శశిరేఖకు అభిమన్యుడు కనబడెను, రేవతికి నగలు కనబడెను, కృష్ణునకు శకుని కనబడెను. ఇంటిలో నొక పెట్టె, ఆ పెట్టెలో కదలు బొమ్మ! ఇండ్లకు టెలివిజను రాకముందే పింగళివారు ఊహించిన విడ్డూర మిది. ఆ పేటిక అబద్ధము చెప్పదు. మన ఇంటి పెట్టె చెప్పునో చెప్పదో పరీక్షింపవలెను.

పరీక్షకు ఏడు అంశములు చాలును.

1. సంపూర్ణత

అన్నిటికంటె ముందు చూడవలసినది చిత్రము పూర్తిగా నున్నదా అని. దీనికి యంత్రజ్ఞానము అక్కరలేదు, చేతిగడియారము చాలును. చిత్రారంభమున కనబడు సెన్సారు ధ్రువపత్రము మీద రీళ్ళ సంఖ్యయు, ఫిల్ము పొడవును వ్రాసియుండును. ముప్పదియైదు మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగునకు 16 బొమ్మలుండును. క్షణమునకు 24 బొమ్మల చొప్పున నడచును గనుక నిమిషమునకు 90 అడుగులు, అనగా సుమారు 27 మీటర్ల 40 సెంటీమీటర్లు నడచును. పొడవు 16,560 అడుగులని యున్నచో దానిని 90తో భాగింపగా 184 నిమిషములు వచ్చును. గడియారము 160 చూపినచో ఇరువదినాలుగు నిమిషముల గ్రంథపాతము జరిగినట్లు.

ఇచ్చట ఒక మెలకువ కావలెను. మన దేశమున అనుసరించిన పాల్ టెలివిజను పద్ధతిలో క్షణమునకు 25 బొమ్మలు. కొందరు ప్రతికర్తలు 24 బొమ్మల చిత్రమును అదే వేగముతో పరుగెత్తింతురు. అప్పుడు ఏ దృశ్యమును కోయకయే 184 నిమిషముల చిత్రము సుమారు 177 నిమిషములలో ముగియును. కనుక ఏడు నిమిషములు తగ్గినంత మాత్రమున కత్తిరించిరని కేకలు వేయరాదు. అంతకు మించి తగ్గినచో కారణము వెదకవలెను.

కోతకు మొదట బలియగునది పద్యము. కథ నడచుటకు పద్యము అక్కరలేదని ప్రతికర్త తలచును. అయితే మన పౌరాణిక చిత్రములు రంగస్థల నాటకమునుండి పుట్టినవి. ఆ నాటకమునకు పద్యమే ప్రాణము. 1963 మార్చి 29వ తేదీన విడుదలైన "లవకుశ" 208 నిమిషముల చిత్రము. తెలుగులో సంపూర్ణముగా రంగులలో తీసిన మొదటి చిత్రమిది. కాకినాడవాడైన సి. పుల్లయ్య ప్రారంభింపగా ఆయన కుమారుడు సి.ఎస్. రావు పూర్తిచేసెను. ఘంటసాల సంగీతము కూర్చెను. ఇద్దరు బాలురు రామకథను రాముని యెదుటనే గానము చేయుట ఆ చిత్రమునకు ఆయువుపట్టు. అట్టి చిత్రమునుండి గానమును తగ్గించినచో మిగిలినది లవకుశ కథాసంగ్రహము మాత్రమే.

2. తెర కొలత

మాయాబజార్ కాలపు చిత్రముల తెర ఇంచుమించు నాలుగుకు మూడు పాళ్ళలో నుండెడిది. నాటి టి.వి. పెట్టెయు అట్టిదే గనుక చిక్కు లేదు. నేటి టి.వి. పదునారుకు తొమ్మిది పాళ్ళలో వెడల్పైనది. పాత చిత్రమును దానిలో నిండుగా నింపుటకు రెండే దారులు. ఒకటి బొమ్మను అడ్డముగా సాగదీయుట. అప్పుడు సన్నని సావిత్రి కూడ లావుగా కనబడును. రెండవది పైన క్రింద కోయుట. అప్పుడు బొమ్మ ఎత్తులో నాలుగవవంతు దాదాపుగా పోవును. శశిరేఖ రూపములో నున్న ఘటోత్కచుని నడక, అడుగులు వేయు తీరు, అందలి హాస్యమంతయు కాళ్ళలోనే యున్నది. కాళ్ళు కోసినచో హాస్యము పోవును. బొమ్మకు ఇరువైపుల నల్లని పట్టీలు విడిచిన ప్రతియే ఉత్తమము. ఆ నలుపు లోపము కాదు. పుస్తకములో పద్యమునకు ఇరువైపుల విడిచిన తెల్లకాగితము వంటిది.

1974లో వచ్చిన "అల్లూరి సీతారామరాజు" తెలుగులో మొదటి సినిమాస్కోపు చిత్రము. ఇట్టి చిత్రముల విషయమున చిక్కు తలక్రిందులగును. వెడల్పు తెరను పాత టి.వి. పెట్టెలో నింపుటకు ప్రక్కలు కోసిరి. లెక్క వేసినచో నూటికి నలుబది పాళ్ళకు పైగా బొమ్మ పోవును. ఇద్దరు ఎదురెదురుగా నిలిచి మాటాడు సన్నివేశములో ఒకరి ముక్కు, మరియొకరి చెవి మిగిలిన ప్రతులు కలవు.

3. బొమ్మ నాణ్యము

వి.సి.డి. బొమ్మలో అడ్డము 352, నిలువు 288 చుక్కలు. అనగా మొత్తము లక్షకు పైచిలుకు. డి.వి.డి.లో 720, 576 చొప్పున నాలుగు లక్షలకు పైగా నుండును. బ్లూరే బిళ్ళలో 1920, 1080 చొప్పున ఇరువది లక్షలు దాటును. వి.సి.డి. ఒక్కొక్కటి సుమారు 74 నిమిషములే పట్టును గనుక మాయాబజార్ వంటి చిత్రమునకు మూడు బిళ్ళలు కావలెను. పద్యము నడుమ బిళ్ళ ముగిసినచో ప్రతికర్తకు రసజ్ఞత లేదని తెలిసికొనవచ్చును.

అయితే చుక్కల సంఖ్యయే నాణ్యము కాదు. ఏ మూలమునుండి ప్రతి తీసిరను ప్రశ్న ముఖ్యము. నెగెటివునుండి తీసిన డి.వి.డి., అరిగిన పాత వీడియో టేపునుండి తీసిన బ్లూరే కంటె మేలు. తాటియాకు చూచి వ్రాసిన చేతిప్రతికిని, తప్పుల అచ్చును చూచి వేసిన బంగారుటంచు పుస్తకమునకును గల భేద మిది.

మరకలు తుడుచుటలో కూడ హద్దు కలదు. గీతలను, ధూళిని తొలగించు యంత్రమునకు పని మించి చెప్పినచో అది ముఖముల మీది ముడుతలను కూడ తుడిచివేయును. నటులు మైనపు బొమ్మలగుదురు. వృద్ధపాత్రల కన్నుల చుట్టునున్న గీతలను చూచినచో యంత్రము అతిగా పనిచేసినదో లేదో తెలియును.

4. వెలుగు నీడలు, రంగులు

మార్కస్ బార్ట్లే వెన్నెల ప్రసిద్ధము. నౌకావిహార సన్నివేశములో నీటి మీద మెరయు ఆ వెన్నెల ఆకాశమునుండి దిగినది కాదు, దీపములతోను, ఛాయాగ్రాహకుని నేర్పుతోను పుట్టినది. ప్రతికర్త బొమ్మ స్పష్టముగా కనబడవలెనని వెలుగు పెంచినచో రాత్రి పగలగును. తెలుపు నలుపు చిత్రములో నీడయే రంగు. కనుక వెన్నెల దృశ్యమును చూచి వెన్నెలగా తోచునా అని ప్రశ్నించుట మంచి పరీక్ష.

రంగుల చిత్రములకు వేరొక రోగము. ఆనాటి రంగుల ఫిల్ములో వర్ణద్రవ్యములు కాలక్రమమున వెలిసిపోవును. సాధారణముగా బొమ్మ మొత్తము ఎరుపెక్కును. లవకుశలోని వాల్మీకి ఆశ్రమపు పచ్చదనము ఇటుకరంగుగా కనబడినచో అది దర్శకుని ఊహ కాదు, ఫిల్ము వార్ధక్యము. మంచి ప్రతికర్త దానిని సరిదిద్దును, అతిగా దిద్దినచో ముఖములకు సున్నము పూసినట్లగును.

5. ధ్వని, శ్రుతి

పెదవి కదలికకు మాట సరిపోవలెను. ఇది ఎల్లరకు తెలిసినదే. అంతకంటె సూక్ష్మమైనది శ్రుతి. పైన చెప్పినట్లు చిత్రమును 25 బొమ్మల వేగముతో పరుగెత్తించినప్పుడు దిద్దుబాటు చేయనిచో ధ్వని కూడ వేగమెత్తి శ్రుతి పెరుగును. ఆ పెరుగుదల అర్ధస్వరములో మూడింట రెండు పాళ్ళు. ఘంటసాల గంభీరకంఠము కొంచెము పలుచబడును. పాత గ్రామఫోను రికార్డుతో గాని, హార్మోనియముతో గాని సరిచూచినచో పట్టుబడును.

ఒక్క మార్గమున వచ్చిన పాత ధ్వనిని ఆరు మార్గములుగా విభజించుట నేటి పద్ధతి. మూలధ్వనిని కూడ ప్రతిలో ఉంచి, కోరినవారికి క్రొత్తదానిని ఇచ్చినచో ఆక్షేపణ లేదు. మూలమును తొలగించి, లేని ఉరుములను, గుఱ్ఱపు డెక్కల చప్పుళ్ళను చేర్చినచో అది ప్రక్షిప్తము.

6. పేర్లు, ముద్రలు, ఉపశీర్షికలు

మన కావ్యములకు ఆశ్వాసాంతమున గద్య యుండును. అందు కవి తన పేరును, తండ్రి పేరును, గురువు పేరును చెప్పుకొనును. అనేక కవుల చరిత్ర మనకు ఆ గద్య వలననే తెలిసినది. చలనచిత్రమునకు ఆరంభమున వచ్చు పేర్ల పట్టికయే ఆ గద్య. నటులకు పేరు పోస్టర్లలో నుండును. కళాదర్శకులకు, ఎడిటరునకు, ధ్వనిగ్రాహకునకు ఆ పట్టికయే ఆధారము. మాయాబజార్ ద్వారకానగరము యాబది అడుగులకు అరువది అడుగుల చోటులో సుమారు 300 చిట్టి ఇండ్లతో నిర్మింపబడినది. కళాదర్శకులు గోఖలే, కళాధర్ అని తెరమీద చదువని బాలునకు ఆ నగరము ఎవరి చేతిపనియో తెలియదు. కాలము ఆదా చేయుటకు పేర్లను కోసిన ప్రతి కృతఘ్న ప్రతి.

బొమ్మ మూలలో చిత్రమంతయు కదలక నిలుచు సంస్థ ముద్ర, నడుమ పరుగెత్తు వ్యాపార ప్రకటన, ఇవి కావ్యపుటల మీద అచ్చొత్తిన అంగడి చీట్ల వంటివి. మూల చిత్రమునకు "యు" ధ్రువపత్రము ఉండవచ్చును. దానికి ముందు చేర్చిన ఇతర చిత్రముల ప్రకటనలు పసివారు చూడదగినవి కాకపోవచ్చును. కుటుంబ చిత్రమును పరీక్షించువాడు బిళ్ళను మొదటినుండి చూడవలెను, చిత్రమునుండి కాదు.

ఉపశీర్షికలను చిన్నచూపు చూడరాదు. వినికిడి తగ్గిన వృద్ధులకు, తెలుగు నేర్చుకొనుచున్నవారికి, ఉర్దూ మాతృభాషగా గల మన ఇండ్లలోని నానీలకు, దాదీలకు అవి కన్నులు. ఇందు అనువాదకుని ప్రతిభ బయటపడును. పింగళివారు రాక్షసుల నోట అస్మదీయులు, తస్మదీయులు అనిపించిరి. "అస్మదీయ" అనునది శుద్ధమైన సంస్కృతపదము. దానిని చూచి కట్టిన "తస్మదీయ" వ్యాకరణమునకు నిలువదు, "తదీయ" అనవలెను. ఆ పొరపాటులోనే హాస్యమున్నది. కంబళికి గింబళి, తల్పమునకు గిల్పము అనుటయు అట్టిదే. వీనిని మావారు, పరులు, దుప్పటి, పరుపు అని తేల్చివేసిన ఉపశీర్షిక అర్థము చెప్పును గాని నవ్వు పుట్టింపదు.

7. మూలమునకు వ్యాఖ్యకు గల హద్దు

ఇచ్చట ఒక పెద్ద ఉదాహరణము పరిశీలింపదగినది. హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ సంస్థ మాయాబజార్‌నకు రంగులు చేర్చి 2010 జనవరి 30వ తేదీన మరల విడుదల చేసినది. నూరుమందికి పైగా కళాకారులు నెలల తరబడి శ్రమించిరి. ఒంటి మార్గపు ధ్వనిని బహుమార్గములుగా మార్చిరి. తెలుపు నలుపు చిత్రమనగానే లేచిపోవు పిల్లలు ఆ రంగుల చిత్రమునకు సినిమాశాలలలో కూర్చుండిరి. ఇది సామాన్యమైన ఉపకారము కాదు.

అయితే ఆ ప్రతి నిడివి 184 నిమిషములు కాదు, 165 నిమిషములు. దృశ్యనాణ్యము నిమిత్తమై కొన్ని పాటలు, పద్యములలో పెక్కు తొలగింపబడినవి. తెర కొలతయు నేటి వెడల్పునకు మార్చబడినది. ఇప్పుడు మన తూనిక ఏమి చెప్పును? రంగు చేర్చుటను వ్యాఖ్యానముతో పోల్చవచ్చును. మల్లినాథుడు వ్యాఖ్య వ్రాసెను గాని కాళిదాసు శ్లోకములను తీసివేయలేదు. మూలము పైన, వ్యాఖ్య క్రింద ఉన్నంతవరకు వ్యాఖ్య ఎంత యున్నను లాభమే. వ్యాఖ్య మూలమును మ్రింగినచో నష్టము. కనుక రంగుల మాయాబజార్‌ను పిల్లలకు చూపవలసినదే. కాని ఇదియే మాయాబజార్ అని చెప్పరాదు. తెలుపు నలుపుల సంపూర్ణ ప్రతి దాని ప్రక్కనే యుండవలెను. పిల్లవాడు రంగులు చూచి లోనికి వచ్చును, పెద్దవాడై తెలుపు నలుపులలో వెన్నెలను చూచును. ప్రవేశద్వారము గర్భగృహము కాజాలదు.

ఇదంతయు ఏల?

ఒక డి.వి.డి. కొరకు ఇంత శాస్త్రము ఏల అని కొందరు అడుగవచ్చును. తెలుగులో మొదటి సంపూర్ణ టాకీ చిత్రమైన "భక్త ప్రహ్లాద" 1932లో విడుదలైనది. హెచ్.ఎం. రెడ్డి దర్శకుడు. నేడు ఆ చిత్రము చూతమన్న లభించదు. ఆ కాలపు చిత్రములలో పెక్కింటికి ఇదే గతి. నాటి నైట్రేటు ఫిల్ము త్వరగా మండును. 2003 జనవరిలో పూనాలో జరిగిన అగ్నిప్రమాదమున అమూల్యమైన పాత నైట్రేటు ఫిల్ములు కాలిపోయినవి. తరువాతి ఎసిటేటు ఫిల్ము మండదు గాని, వేడికి తేమకు కుళ్ళి పుల్లని వాసన కొట్టును. జాతీయ ఫిల్ము భాండారము 1964లో పూనాలో నెలకొనినది. అయినను దేశములోని సర్వచిత్రములను ఒక్క సంస్థ కాపాడజాలదు. నెగెటివు పోయిన చిత్రమునకు ఇంటిలోని బిళ్ళయే తుది తాళపత్రము.

ఇంకొక సంగతి. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము చలనచిత్రముపై హక్కు అరువది సంవత్సరములు. 1963లో విడుదలైన లవకుశకు ఆ గడువు 2023 సంవత్సరాంతమున తీరినది. పాటల సాహిత్యమునకు, సంగీతమునకు గడువులు వేరు. గడువు తీరిన కొలది ప్రతులు అచ్చువేయువారు పెరుగుదురు. మంచి ప్రతులతో పాటు చెడ్డ ప్రతులును పెరుగును. సి.పి. బ్రౌన్ దొర వేమన పద్యములకు పెక్కు చేతిప్రతులు సేకరించి, పండితులచేత సరిపోల్పించి, 1829లో అచ్చు వేయించెను. చలనచిత్రములకు అట్టి బ్రౌన్లు నేడు కావలెను. వారు మన విద్యార్థులలోనుండి ఏల రారాదు?

కళాశాల కార్యవర్గమునకు మూడు సూచనలు. మొదటిది, గ్రంథాలయములో పది కుటుంబ చిత్రములకైనను సంపూర్ణమైన, హక్కుదారులు వెలువరించిన ప్రతులను సేకరించుట. బిళ్ళలు అమ్ము దుకాణములు తగ్గిపోవుచున్నవి, వానిని ఆడించు యంత్రములును అరుదగుచున్నవి. ఆలస్యము చేసినచో కొనుటకు దొరకవు. రెండవది, ప్రతి చిత్రమునకు ఒక పుట చొప్పున చిట్టా పుస్తకము పెట్టుట. చిత్రము పేరు, సంవత్సరము, ధ్రువపత్రము మీది నిడివి, గడియారము చూపిన నిడివి, తెర కొలత, కోతలు, ఉపశీర్షికలు అను ఏడు గడులు చాలును. దీనిని విద్యార్థులే పూర్తిచేయవలెను. మూడవది, సంవత్సరమున కొకమారు కళాశాలలో అట్టి చిత్రమును ప్రదర్శించుట. ప్రేక్షకులు అధ్యాపకులు, విద్యార్థులు, వారి తలిదండ్రులు, సంరక్షకులు మున్నగు సంస్థ సంబంధీకులే అయినప్పుడు విద్యాసంస్థలో చేయు ప్రదర్శనకు చట్టము వెసులుబాటు ఇచ్చుచున్నది.

విద్యార్థులకు ఒక్క పని. మాయాబజార్‌ను మొదటి విడుదలలో చూచిన పదేండ్ల పిల్లలు నేడు ఎనుబదికి చేరువలో నున్నారు. మీ ఇండ్లలో తాతగారో, అమ్మమ్మగారో, నానాగారో అట్టివారు ఉండవచ్చును. ఇంటిలోని ప్రతిని వారి ప్రక్కన కూర్చుండి చూడుడు. ఇచ్చట ఒక పద్యముండవలెనే అని వారు అన్న చోట ఆపి, నిమిషము సంఖ్య వ్రాసికొనుడు. వారికి ఆ పద్యము నోటికి వచ్చినచో దానిని కూడ వ్రాసికొనుడు. జ్ఞాపకము పొరబడవచ్చును గనుక దానిని వేరొక ప్రతితో సరిచూడుడు. తాటియాకులు ఎక్కడనున్నవో తెలిసినచో తరువాత వెదకవచ్చును. మనుష్యుల జ్ఞాపకమునకు ఆ వీలు లేదు. ఆ చిట్టాలో మొదటి పుటను ఈ సెలవులలోనే పూర్తిచేయవచ్చును.